ప్రార్థన మనవుల కోసం సిగ్నల్: సంఘాలకు ఎంతవరకు పనికొస్తుంది?

సంఘంలో వారం వారం పంచుకునే ప్రార్థన మనవులను ఒక్కసారి బయటివాడి కళ్లతో చదవండి. ఎవరికి ఏ జబ్బు, ఎవరి కాపురంలో గొడవ, ఎవరి కొడుకు మీద కేసు నడుస్తోంది, కొత్తగా విశ్వాసంలోకి వచ్చి ఇంట్లో చెప్పలేకపోతున్నది ఎవరు, అప్పుల్లో కూరుకుపోయింది ఎవరు. ఒక గూఢచారి ఏళ్ల తరబడి తిరిగినా ఇంత సమాచారం పోగేయలేడు. మనం దాన్ని ప్రేమతోనే, పేర్లతో సహా, ఫోన్‌లో పెట్టేస్తున్నాం. కాబట్టి సంఘం కోసం మెసేజింగ్ యాప్ ఎంచుకునేటప్పుడు వీడియో స్పష్టంగా వస్తుందా, స్టిక్కర్లు ఉన్నాయా అన్నవి తర్వాతి మాటలు. అధికారం ఉన్నవాడు ఆ కంపెనీ తలుపు తట్టి "ఇవ్వు" అంటే, ఇవ్వడానికి దాని దగ్గర ఏముంది? ముందు అడగాల్సింది ఇదే.

సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్‌ను ఈ ప్రశ్న దగ్గర పెట్టుకునే పరిశీలించాం. తీర్పు ముందే చెప్పేస్తున్నాం. ప్రార్థన మనవులకు, పెద్దల సంప్రదింపులకు, ఆపదలో ఉన్న విశ్వాసికి సాయం అందించే చిన్న గుంపులకు, మామూలు మనుషులు వాడగలిగిన యాప్‌లలో ప్రస్తుతం ఇదే మెరుగు. ఆరాధన ప్రకటనలకు దీని అవసరం లేదు. కానుకల లెక్కలకు, ఫిర్యాదులకు దీన్ని వాడనే కూడదు. పాపపు ఒప్పుకోలుకైతే ఏ యాప్‌నూ వాడకూడదు.

2016లో అమెరికాలోని వర్జీనియా తూర్పు జిల్లా నుంచి గ్రాండ్ జ్యూరీ (నేరారోపణకు ఆధారాలున్నాయో లేదో చూసే పౌరుల బృందం) సమన్లు సిగ్నల్‌కు వచ్చాయి. ఫలానా ఖాతా గురించి మీ దగ్గరున్నదంతా ఇమ్మన్నారు. వాళ్లు ఇవ్వగలిగినవి రెండే: ఖాతా తెరిచిన సమయం, చివరిసారి సర్వర్‌కు కనెక్ట్ అయిన తేదీ. మెసేజ్‌లు లేవు, పరిచయస్తుల పట్టిక లేదు, ఏయే గ్రూపుల్లో ఉన్నాడన్నది లేదు. ఏ అధికారో ధైర్యం చేసి దాచాడని కాదు, నిర్మాణంలోనే వాటిని పోగేసుకోలేదు. మెసేజ్ పంపేవారి ఫోన్‌లో తాళం పడి, అందుకునేవారి ఫోన్‌లోనే తెరుచుకుంటుంది. గ్రూపు పేరు, ఫొటో, సభ్యుల జాబితా కూడా సర్వర్ చదవలేని రూపంలోనే ఉంటాయి. 2018లో వచ్చిన "సీల్డ్ సెండర్" పద్ధతి వల్ల కవరు మీద పంపినవారి పేరు కూడా చాలావరకు కనబడదు. ఐపీ అడ్రసు, అంటే ఇంటర్నెట్‌లో మీ ఫోన్ చిరునామా, మాత్రం కనెక్ట్ అయిన క్షణంలో ఏ సర్వర్‌కైనా తెలుస్తుంది. కాల్ చేసినప్పుడు అవతలివారికి అది తెలియకుండా ఉండాలంటే ప్రైవసీ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ కింద "ఆల్వేస్ రిలే కాల్స్" ఆన్ చేయాలి. కాల్ నాణ్యత కాస్త తగ్గుతుంది, అంతే.

వాట్సాప్ కూడా 2016 నుంచి సిగ్నల్ తయారుచేసిన ప్రోటోకాల్‌నే, అంటే తాళం వేసే పద్ధతినే, వాడుతోంది. అంటే మాటల భద్రత దాదాపు సమానమే. తేడా మాటల చుట్టూ ఉన్న సమాచారంలో ఉంది. ఎవరు ఏ గ్రూపులో ఉన్నారు, ఎవరితో ఎంత తరచుగా మాట్లాడతారు అన్నది ప్రకటనల మీద బతికే పెద్ద కంపెనీ చేతిలో ఉంటుంది. రహస్య విశ్వాసి విషయంలో ఏం మాట్లాడాడన్నదాకా పోనక్కర్లేదు, ప్రార్థన గ్రూపులో ఉన్నాడని తెలిస్తే చాలు. పైగా వాట్సాప్‌లో క్లౌడ్ బ్యాకప్‌కు తాళం విడిగా వేసుకోవాలి, చాలామంది వేసుకోరు. టెలిగ్రామ్ సంగతి ఇంకా ఘోరం. అందులో ఏ గ్రూపుకూ ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ (పంపేవారి ఫోన్ నుంచి అందుకునేవారి ఫోన్ దాకా ఉండే తాళం) లేదు, ఇద్దరి మధ్య జరిగే "సీక్రెట్ చాట్"కు మాత్రమే ఉంది. "టెలిగ్రామ్ సేఫ్ అంట" అని నమ్మి అక్కడ గ్రూపులు నడిపే సంఘాలు ఈ ఒక్క ముక్క చదివి ఈరోజే మారినా మంచిదే.

ఇంత పట్టింపు దేనికి, మనం తప్పేం చేస్తున్నాం అని పెద్దలు అడుగుతారు. జవాబు నెదర్లాండ్స్ చరిత్రలో ఉంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు అక్కడి జనాభా రిజిస్టర్లలో మతం గడి ఉండేది. మంచి ప్రభుత్వం, మంచి ఉద్దేశంతో, చక్కగా నింపి పెట్టింది. 1940లో నాజీలు ఆక్రమించాక అదే పట్టిక యూదులను వెతికి పట్టుకునే సాధనమైంది. 27 మార్చి 1943న ప్రతిఘటన ఉద్యమకారులు ఆమ్‌స్టర్‌డామ్ రిజిస్ట్రీని పేల్చి తగలబెట్టడానికి ప్రాణాలు పణంగా పెట్టాల్సి వచ్చింది. ఎవరు చదువుతారన్నది పట్టిక రాసిన రోజున తెలియదు. దావీదు జనాన్ని లెక్కించిన సంగతి 2 సమూయేలు 24లో చదివేటప్పుడు, లెక్కించడంలో అంత పాపం ఏముందని ఆశ్చర్యపోయేవాళ్లకు ఆమ్‌స్టర్‌డామ్ కొంత అర్థం చెబుతుంది.

నాజీల పాలనలో, మే 1934లో, బార్మెన్‌లో జర్మన్ సంఘ ప్రతినిధులు చేసిన ప్రకటనలోని రెండో అంశం, మన జీవితంలో క్రీస్తుకు కాక వేరే ప్రభువులకు చెందిన భాగమేదీ లేదని చెబుతుంది. ఈ కాలానికి ఆ భాగాల్లో ఫోన్ కూడా చేరుతుంది. అయితే అదే ప్రకటన యూదుల హింస గురించి ఒక్క ముక్క అనలేదు. సంఘం స్వేచ్ఛ గురించి అంత గట్టిగా మాట్లాడినవాళ్లు పొరుగువాడి దగ్గరికొచ్చేసరికి మౌనంగా ఉన్నారు. మన ఫోన్లలో సంఘంలో లేనివాళ్ల పేర్లు కూడా ఉంటాయి, వాళ్ల కోసం కూడా ప్రార్థిస్తాం గనుక. సెట్టింగ్స్ పెట్టుకునేటప్పుడు వాళ్లను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

పెట్టుకునే తీరు, తేడా కొట్టే చోట్లు

నమోదుకు ఫోన్ నంబర్ తప్పనిసరి. సిగ్నల్ మీద మా అసలు అసంతృప్తి ఇదే, ఎందుకంటే సిమ్ చాలాచోట్ల గుర్తింపు పత్రంతో ముడిపడి ఉంటుంది. 2024లో యూజర్‌నేమ్‌లు రావడంతో కొంత ఊరట. నమోదు కాగానే సెట్టింగ్స్, ప్రైవసీ, ఫోన్ నంబర్‌లోకి వెళ్లి "నా నంబర్ ఎవరు చూడొచ్చు", "నంబర్‌తో నన్ను ఎవరు వెతకొచ్చు" రెండింటికీ "నోబడీ" పెట్టండి. తర్వాత యూజర్‌నేమ్ పెట్టుకోండి, చివర అంకెలు ఉండాలి. అందులో సంఘం పేరు, ఇంటిపేరు, పుట్టిన సంవత్సరం వద్దు. ప్రొఫైల్ పేరుకు ఇంటి ముద్దుపేరు చాలు.

తర్వాత పిన్. నాలుగంకెలు కనీసం, అక్షరాలతో కలిపి పొడవుగా పెట్టుకోవచ్చు. సెట్టింగ్స్‌లో అకౌంట్ కింద "రిజిస్ట్రేషన్ లాక్" ఆన్ చేయకపోతే ఈ పిన్‌తో సగమే ప్రయోజనం. ఎవరైనా మీ సిమ్‌కు నకలు తీయించుకుంటే, లేదా మీరు వదిలేసిన నంబర్ ఇంకొకరికి వెళ్తే, వాళ్లు మీ పేరుతో గ్రూపులోకి రాకుండా ఆపేది ఈ లాకే. పిన్ మరిచిపోతే ఆ ఖాతా ఏడు రోజులు కదలకుండా ఉన్నాకే మళ్లీ నమోదు చేసుకోగలరు. పెద్ద వయసువారికి దీన్ని కాగితం మీద రాసి ఇంట్లో పెట్టుకోమనడమే మంచిది. పిన్‌ను పాస్టర్ దగ్గర జమ చేయించే పద్ధతి మాత్రం వద్దే వద్దు.

మాయమయ్యే మెసేజ్‌ల దగ్గర అపార్థాలు ఎక్కువ. గరిష్ఠ గడువు 4 వారాలు. ప్రార్థన గ్రూపుకు 1 వారం సరిపోతుంది, వచ్చే కూడికకు కొత్త మనవులు వస్తాయి. పంపినవారి ఫోన్‌లో గడువు పంపిన క్షణం నుంచి, అందుకున్నవారి ఫోన్‌లో చదివినప్పటి నుంచి మొదలవుతుంది. నెల రోజులు గ్రూపు తెరవని సభ్యుడి ఫోన్‌లో పాత మనవులు అలాగే కూర్చుని ఉంటాయి. గడువు పెట్టకముందు వచ్చినవి కూడా పోవు, వాటిని చేత్తో తుడవాలి. ఇక స్క్రీన్‌షాట్‌ను ఎవరూ ఆపలేరు. ఆండ్రాయిడ్‌లో "స్క్రీన్ సెక్యూరిటీ" ఆన్ చేస్తే ఆ ఫోన్‌లోనే స్క్రీన్‌షాట్ పడదు, ఎదుటివారి ఫోన్ మీద దానికి అధికారం లేదు.

నోటిఫికేషన్లు చాలామంది వదిలేసే రంధ్రం. ఎంత గట్టి తాళం వేసినా, "నా భర్తకు తెలియకుండా బాప్తిస్మం" అన్న మాట తెర మీద మెరిస్తే అయిపోయింది. నోటిఫికేషన్స్‌లో "షో" దగ్గర పేరు, మెసేజ్ రెండూ వద్దని పెట్టండి. ఒక్క ఫోన్‌నే ఇంటిల్లిపాదీ వాడే చోట ఇది ప్రాణాలు కాపాడే సెట్టింగ్. దానితోపాటు "స్క్రీన్ లాక్" పెట్టండి, యాప్ తెరవడానికి మళ్లీ తాళం అడుగుతుంది.

కీబోర్డు గురించి ఎవరూ మాట్లాడరు. మాతృభాషలో టైప్ చేయడానికి వేసుకునే బయటి కీబోర్డులు, మాటను అక్షరాలుగా మార్చే వాయిస్ టైపింగ్, మెసేజ్‌లను కుదించి చెప్పే కృత్రిమ మేధ సహాయకులు, ఇవన్నీ తాళం పడక ముందో, తీసిన తర్వాతో మాటను చూస్తాయి. సిగ్నల్‌కు అక్కడ పట్టు లేదు. ఆండ్రాయిడ్‌లో "ఇన్‌కాగ్నిటో కీబోర్డ్" అనే ఐచ్ఛికం ఉంది, టైప్ చేసేది నేర్చుకోవద్దని అది కీబోర్డును కోరుతుంది. వినాలా వద్దా అన్నది కీబోర్డు తయారీదారు చేతిలో ఉంటుంది. విండోస్‌లో తెరను పదేపదే ఫొటో తీసి దాచే "రీకాల్" వచ్చినప్పుడు, 2025 మేలో సిగ్నల్ తన డెస్క్‌టాప్ యాప్‌లో తెర పట్టుబడకుండా అడ్డం పెట్టింది. మంచి పనే. కానీ ఆపరేటింగ్ సిస్టమే తొంగిచూడటం మొదలుపెట్టాక యాప్ ఎంతని అడ్డుకుంటుంది? పెద్దల గ్రూపును కంప్యూటర్‌కు కలపకపోవడమే మేలని మా అభిప్రాయం.

గ్రూపు సంగతి. 1000 మంది దాకా పడతారు. అంత పట్టినంత మాత్రాన అంతమందిని వేయొద్దు. ఒకరినొకరు ముఖం చూసి గుర్తుపట్టగలిగే 15, 20 మంది గృహ కూడిక గ్రూపే ప్రార్థన మనవులకు సరైన కొలత. సభ్యులను చేర్చే హక్కు అడ్మిన్లకే ఉంచండి, అడ్మిన్లు ఇద్దరుండాలి. గ్రూపు లింక్ ఆపేయండి. తప్పనిసరైతే "అప్రూవ్ న్యూ మెంబర్స్" ఆన్ చేసి, అడిగిన ప్రతివారికీ ఫోన్ చేసి నిర్ధారించుకున్నాకే లోపలికి రానివ్వండి. 2025 మార్చిలో అమెరికా ఉన్నతాధికారుల సిగ్నల్ గ్రూపులోకి పొరపాటున ఒక పత్రికా సంపాదకుడు చేరిపోయాడు. తాళం బద్దలు కాలేదు, మనిషే తలుపు తీశాడు.

క్యూఆర్ కోడ్ మోసం సంఘాలకు ప్రత్యేకంగా ప్రమాదం, ఎందుకంటే పోస్టర్ల మీద క్యూఆర్ మనకు అలవాటే. 2025 ఫిబ్రవరిలో గూగుల్ భద్రతా పరిశోధకులు బయటపెట్టిన పద్ధతి ఇది: గ్రూపులో చేరమన్నట్టు కనిపించే కోడ్, నిజానికి మీ ఖాతాను దాడి చేసేవాడి కంప్యూటర్‌కు కలిపేస్తుంది. అక్కడి నుంచి ప్రతి మెసేజ్ వాడికీ చేరుతుంది, మీ ఫోన్ మాత్రం మామూలుగానే ఉంటుంది. గుర్తుపట్టడం తేలిక. గ్రూపు ఆహ్వానమైతే గ్రూపు పేరు, "జాయిన్" కనబడాలి. "లింక్ డివైస్" అని కనబడితే అక్కడే ఆగిపోండి. వారానికోసారి సెట్టింగ్స్‌లో "లింక్డ్ డివైసెస్" చూసి, తెలియనిది ఉంటే తీసేయండి.

అవతల ఉన్నది నిజంగా ఆ మనిషేనని సరిచూసుకునే సేఫ్టీ నంబర్ 60 అంకెలది. ఆరాధన అయ్యాక ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఒకరి కోడ్ ఒకరు స్కాన్ చేస్తే అర నిమిషం పని. కనీసం పెద్దలందరి మధ్య ఇది జరగాలి. తర్వాత ఎప్పుడైనా "సేఫ్టీ నంబర్ మారింది" అని వస్తే సాధారణంగా అవతలివారు కొత్త ఫోన్ తీసుకుని ఉంటారు. అయినా మెసేజ్‌లో అడగకండి, గొంతు విని నిర్ధారించుకోండి.

2025 సెప్టెంబరు నుంచి సిగ్నల్ సొంత క్లౌడ్ బ్యాకప్‌ను తెచ్చింది. 64 అక్షరాల రికవరీ కీ పోతే కంపెనీ కూడా తెరవలేదు. బాగా కట్టారు, కానీ ప్రార్థన గ్రూపుకు బ్యాకప్ దేనికి? ఫోన్ పోతే మనవులు కూడా పోనివ్వండి.

యాప్ చేయలేని పనులు

ఫోన్‌లోకే నిఘా సాఫ్ట్‌వేర్ దూరితే సిగ్నల్ తాళం వృథా. ఇది సినిమాల్లో మాట కాదు. టోగో దేశంలో సంస్కరణల గురించి మాట్లాడిన కాథలిక్ బిషప్ బెన్వా అలోవొనూ ఫోన్‌ను 2019లో పెగాసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్‌తో లక్ష్యం చేసుకున్నారని సిటిజన్ ల్యాబ్ అనే పరిశోధన సంస్థ 2020లో వెల్లడించింది. అలాంటి ముప్పు ఉన్న కాపరులు ఐఫోన్ అయితే ఇలాంటి దాడులకు అడ్డుకట్ట వేసే "లాక్‌డౌన్ మోడ్" ఆన్ చేయాలి, ఏ ఫోనైనా అప్‌డేట్ వచ్చిన రోజే వేసుకోవాలి, రోజుకోసారి ఆపి ఆన్ చేయాలి. అసలు ముఖ్యమైన మాటకు ఫోన్లు పక్క గదిలో వదిలి రావాలి. కాథలిక్ సంఘ చట్టం 983వ నియమం ఒప్పుకోలు ముద్రను, అంటే పాపపు ఒప్పుకోలులో విన్నది బయటపెట్టకూడదన్న కట్టుబాటును, ఉల్లంఘించరానిదిగా నిలిపింది. ఆ ముద్రను నిలబెట్టే బాధ్యత ఏ సర్వర్‌కూ అప్పగించలేం. ప్రొటెస్టంటు కాపరి రహస్యంగా విని ఇచ్చే సలహా కూడా అంతే బరువైనది.

ఇక లోపలి మనిషి. 1989 నాటికి తూర్పు జర్మనీ రహస్య పోలీసు విభాగం స్టాసీకి పూర్తికాల సిబ్బంది 91,000 మంది, అనధికార సమాచారకులు 1,70,000కు పైగా. 1992లో దస్త్రాలు తెరిచాక ఆ సమాచారకుల్లో కొందరు కాపరులు కూడా ఉన్నారని తేలింది. వారిలో చాలామంది దుష్టులు కారు. బెదిరింపుకో, పదవికో, పిల్లల చదువుకో లొంగినవాళ్లు. దీనికి మందు సెట్టింగ్స్‌లో లేదు. చిన్న గ్రూపులు, అవసరం లేని పేర్లు రాయకపోవడం, "మన సహోదరి ఒకరికి ఆపరేషన్" అని ఆపేయడం, ఇవి కొంత కాపాడతాయి. దేవునికి పేరు తెలుసు. ఒత్తిడికి లొంగిన సభ్యుడు వచ్చి చెప్పుకోగలిగే వాతావరణం ఉండటం వీటన్నిటికన్నా ముఖ్యం.

సర్వర్ల సంగతీ దాచకూడదు. సిగ్నల్ లాభాపేక్ష లేని ఫౌండేషన్, 2018లో వాట్సాప్ సహ వ్యవస్థాపకుడు బ్రయాన్ యాక్టన్ ఇచ్చిన 5 కోట్ల డాలర్లతో మొదలై విరాళాలతో నడుస్తోంది. ప్రకటనలు లేవు. వాడే సంఘాలు కొంత విరాళం పంపడం న్యాయం. కానీ అది నడిచేది పెద్ద కంపెనీల క్లౌడ్ మీదే. 20 అక్టోబరు 2025న అమెజాన్ క్లౌడ్ కూలినప్పుడు సిగ్నల్ కూడా పడిపోయింది. సాంకేతిక అధికారాన్ని ఎదిరించే పరికరం కూడా ఆ అధికారపు నేల మీదే నిలబడి ఉంది. చైనా 2021లో, రష్యా 2024లో దీన్ని అడ్డుకున్నాయి. అలాంటి చోట యాప్‌లోని "సెన్సార్‌షిప్ సర్కమ్‌వెన్షన్" సెట్టింగ్ లేదా ప్రాక్సీ (మధ్యలో నిలిచి దారి మళ్లించే సర్వర్) ఉపయోగపడొచ్చు, ఇంటర్నెట్టే ఆపేస్తే రెండూ పనిచేయవు. ఆండ్రాయిడ్‌లో దొరికే బ్రయర్ యాప్ బ్లూటూత్‌తో దగ్గరి ఫోన్ల మధ్య నడుస్తుంది, వాడకం మాత్రం కష్టం.

అంతకన్నా గట్టి పద్ధతి తూర్పు జర్మనీ నగరం లైప్జిగ్‌లోని నికొలాయ్ చర్చి చూపింది. 1982 నుంచి ప్రతి సోమవారం సాయంత్రం 5 గంటలకు శాంతి ప్రార్థన. చోటు మారదు, వేళ మారదు. 9 అక్టోబరు 1989న ఆ ప్రార్థనల తర్వాత సుమారు 70,000 మంది ప్రభుత్వానికి ఎదురుగా వీధుల్లో నడిచారు. ప్రార్థన ఎప్పుడో ఎక్కడో అడిగే పని ఎవరికీ పడలేదు. మీ సంఘానికి కూడా ఇలాంటి ఒక వేళ, ఒక చోటు ఉండాలి: ఫోన్లు మూగబోయిన రోజున అందరూ అక్కడికే వస్తారు.

దానియేలు రాజాజ్ఞ తెలిసి కూడా కిటికీలు తెరిచే ప్రార్థించాడు. మన ఆరాధన వేళలు, మన విశ్వాసపు ఒప్పుకోలు, అన్యాయాన్ని ఖండించే మాట బహిరంగంగానే ఉండాలి. 2018లో బీజింగ్ సీయోను సంఘం మందిరంలో కెమెరాలు పెట్టమన్న అధికారుల మాటను బాహాటంగా తిరస్కరించింది, కొన్ని నెలలకే మూతపడింది. హాజరు కోసం ముఖాన్ని గుర్తించే యంత్రాలను తామే కొని పెట్టుకునే సంఘాలు దాని గురించి ఆలోచించాలి.

మాయమయ్యే మెసేజ్‌లు తప్పుడు చేతుల్లో చాలా చెడ్డవి. కానుకల ఖర్చు, స్థలాల కొనుగోలు, స్త్రీల మీద, పిల్లల మీద జరిగిన వేధింపుల ఫిర్యాదు, ఇవి వారంలో మాయమయ్యే చోట ఉండకూడదు. వాటికి సంతకాలు, తేదీలు, భద్రపరిచిన కాగితం కావాలి. "అడ్మిన్లే మాట్లాడాలి" అన్న ఐచ్ఛికాన్ని ప్రార్థన గ్రూపులో పెట్టి ప్రశ్నించేవారి నోరు మూయించే కాపరి, ఏ నియంతను ఎదిరిస్తున్నానంటాడో ఆ నియంత పనే చిన్న స్థాయిలో చేస్తున్నాడు.

చివరగా, బటన్ ఫోన్ వాడే పెద్దవారు. గ్రూపులోని మనవులను వాళ్లకు ఎస్సెమ్మెస్ చేయకండి, టెలికాం కంపెనీకి అది తెరిచిన ఉత్తరమే. మామూలు కాల్‌లో పేర్లు చదవకండి. ప్రతి గృహ గ్రూపులో ఒకరు వారానికోసారి నడిచి వెళ్లి, పక్కన కూర్చుని, నోటితో చెప్పి, కలిసి ప్రార్థించి రావాలి. ఆ పని ఎవరిదో గ్రూపు తెరిచిన రోజే నిర్ణయించండి.